రాత్రి తొమ్మిది దాటాక ఒక నెత్తుటి చుక్క

కొల్లేటి ఊళ్లలో రాత్రి తొమ్మిదంటే సద్దుమణిగే వేళ. వల ఆరేసి, అన్నం తిని, తెల్లవారుజామునే మళ్లీ దోనె తీయాలని మనిషి నడుం వాల్చే వేళ. సరిగ్గా అప్పుడే తలుపు తడతారు ఫైలేరియా సర్వేవాళ్లు. ఒకరి చేతిలో టార్చిలైటు, ఒకరి చేతిలో రిజిస్టరు, ఇంకొకరి చేతిలో స్లైడుల పెట్టె, స్పిరిట్ దూది, సూదులు. ముందు నడిచేది ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆమె గొంతు వినబడితేనే గడియ తీస్తారు.

"ఈ రాత్రప్పుడు నెత్తురేంటండీ? పొద్దున్న రాకూడదా?"

ఏ ఇంటి ముందైనా మొదట వినిపించే మాట ఇదే. జవాబూ ఎప్పుడూ ఒకటే. "పొద్దున్న వస్తే పురుగు దొరకదమ్మా. అది రాత్రే నెత్తుట్లోకి వస్తుంది." నమ్మినవాళ్లు చెయ్యి చాపుతారు. నమ్మనివాళ్లు, "మాకేం జబ్బు లేదండీ, మా కాళ్లు చూడండి" అని లుంగీ పైకెత్తి చూపిస్తారు. కాళ్లు నిజంగానే బాగుంటాయి. చిక్కంతా అక్కడే. కాలు వాచిన మనిషి నెత్తుట్లో చాలాసార్లు పురుగు దొరకదు. ఏ వాపూ లేకుండా పొద్దంతా చెరువు పని చేసుకునే కుర్రాడి నెత్తుట్లో వందలకొద్దీ ఈదుతుండవచ్చు. వాడికి తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. తెలిసేది దోమకే.

ఈ దృశ్యం ఏ ఒక్క ఊరిదీ కాదు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి బోదకాలు ఉన్న జిల్లాలన్నిటా ఇలాగే నడిచింది. ఆ జాబితాలో పశ్చిమ గోదావరి ఉంది, కృష్ణా ఉంది. ఇప్పుడు జిల్లాల గీతలు మారి ఏలూరు, కైకలూరు ఒక జిల్లాలోకీ, తాడేపల్లిగూడెం, భీమవరం ఇంకో జిల్లాలోకీ వచ్చాయి. దోమకు ఆ గీతలతో పని లేదు.

వేలికి చిన్న పోటు. మొదటి చుక్కను దూదితో తుడిచేసి తర్వాతి చుక్కను తీసుకుంటారు. కొలత 20 ఘనపు మిల్లీమీటర్లు. స్లైడు మీద దాన్ని మందంగా పరుస్తారు. పేరు, వయసు, ఇంటి నంబరు, నెత్తురు తీసిన వేళ రాస్తారు. అర్ధరాత్రి దాకా వీధి వెంట వీధి తిరిగి, చీమలూ ఈగలూ ముట్టకుండా స్లైడులు పెట్టెలో ఆరబెడతారు. మర్నాడు ల్యాబ్‌లో ఆ ఎర్రటి మరకల్ని నీళ్లలో ముంచుతారు. ఎర్రదనం కరిగిపోయి, పలకమీద బూడిదరంగు పొర మిగులుతుంది. ఎర్రకణాలు పోతే తప్ప వాటి చాటున ఉన్నది కనబడదు. తర్వాత రంగు వేస్తారు. మన దేశంలో దీనికి ఎక్కువగా వాడింది జేఎస్‌బీ రంగు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే ఇద్దరు మన శాస్త్రవేత్తలు 1944లో మలేరియా స్లైడుల కోసం తయారుచేసిన రంగు అది.

ఇక మైక్రోస్కోపు. ల్యాబ్ టెక్నీషియన్ చిన్న లెన్సుతో స్లైడును ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ కింది వరుస, మళ్లీ కింది వరుస, చేను దున్నినట్టు చూసుకుంటూ పోతాడు. స్లైడు తర్వాత స్లైడు ఖాళీ. తెల్లకణాల నీలపు చుక్కలు తప్ప ఇంకేమీ ఉండవు. కళ్లు మొద్దుబారతాయి. అప్పుడెప్పుడో ఒక స్లైడులో, పొర మధ్యలో, మెత్తగా వంపులు తిరిగిన ఊదారంగు గీత కనిపిస్తుంది. అతని చెయ్యి ఆగిపోతుంది. పెద్ద లెన్సు తిప్పుతాడు. ఆ తర్వాత, ఈ రోజుల్లో అయితే, జేబులోంచి ఫోన్ తీస్తాడు.

ఆ ఫోన్ తీయడం గురించే నేను కొంచెం ఎక్కువ చెప్పదలచుకున్నాను. మైక్రోస్కోపు గుండా ఫొటో తీయడం అంటే లక్షల ఖరీదు చేసే కెమెరా పని అని చాలామంది అనుకుంటారు. ఐపీస్ మీద కన్ను ఉండాల్సిన చోట ఫోన్ కెమెరా ఉంచితే చాలు, బొమ్మ పడుతుంది. కష్టం వేరే చోట ఉంది. ఐపీస్ నుంచి వచ్చే వెలుగంతా గాలిలో ఒక చిన్న బిందువు దగ్గర కలుస్తుంది. ఫోన్ లెన్సు సరిగ్గా అక్కడ నిలవాలి. వెంట్రుకవాసి జరిగితే తెరమీద సగం నల్లటి నీడ. చెయ్యి వణికితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే ఫోన్‌ను పట్టి ఉంచే క్లిప్పులు వచ్చాయి. ల్యాబ్‌కు డబ్బుంటే మూడో గొట్టం ఉన్న మైక్రోస్కోపు కొని, దానికే కెమెరా బిగిస్తారు.

ఇంకో కష్టం లోతుది. నెత్తుట్లో కనిపించే ఈ పిల్లపురుగు పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతుకు కొంచెం అటూ ఇటూ, మందం ఇంచుమించు ఒక ఎర్రకణమంత. చిన్న లెన్సుతో పురుగు మొత్తం ఒక్క ఫొటోలో పడుతుంది, కానీ లోపలి వివరం తెలియదు. నూనె చుక్క వేసి చూసే వందరెట్ల లెన్సు పెడితే వివరం తెలుస్తుంది, కానీ ఒక కొసే కనిపిస్తుంది. అదీ మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా పలచని పొర మాత్రమే స్ఫుటంగా ఉంటుంది. పురుగు వంపు తిరిగిన చోట ఒక భాగం తేటగా ఉంటే పక్క భాగం మసక. అందుకని ఫోకస్ మరను రవ్వంత రవ్వంత తిప్పుతూ వరసగా ఫొటోలు తీసి, వాటిలోని తేటభాగాల్ని కంప్యూటర్లో కలిపి ఒక్క బొమ్మ చేస్తారు.

ఇంత శ్రమ దేనికంటే తోక కోసం. పురుగు ఒంటి నిండా కణకేంద్రాలు ముదురు చుక్కలై వరుసగా ఉంటాయి. కోస్తాంధ్రలో బోదకాలు తెచ్చే ఉకెరేరియా బాంక్రాఫ్టై పిల్లపురుగుకు ఆ చుక్కలు తోక కొస దాకా పోవు. కొస ఖాళీగా ఉంటుంది. కేరళ వైపు కనిపించే బ్రూగియా మలయీకి తోక కొసన విడివిడిగా రెండు చుక్కలు ఉంటాయి. రెండు పురుగుల్నీ మోసే దోమలు వేరు, అవి పెరిగే నీళ్లు వేరు. బాంక్రాఫ్టైని మోసే క్యూలెక్స్ మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో పుడుతుంది. బ్రూగియాను మోసే మాన్సోనియాకు నీటిమొక్కల వేళ్లు కావాలి. కాబట్టి తోక కొసన రెండు చుక్కలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి, మందు కొట్టాల్సింది మురుగు కాలువలోనా, నీటిమొక్కలు పెరిగిన చెరువులోనా అన్నది తేలుతుంది. ఒక్క ఫొటో మీద అంత బరువు ఉంది.

దూదిపోగు, బూజుతీగ కూడా స్లైడు మీద అచ్చం పురుగులా వంకరలు తిరిగి మోసం చేస్తాయి. పోగులో చుక్కలు ఉండవు, పురుగులో ఉంటాయి. ఫొటో ఉంటే అనుమానం వచ్చినప్పుడు ఇంకొకరికి చూపించవచ్చు. ఫొటో లేకపోతే, నేను చూశాను, నమ్మండి అనడమే.

150 ఏళ్ల కిందట కలకత్తాలో తిమోతీ రిచర్డ్స్ లూయిస్ పరిస్థితి అదే. 1872లో ఆ సైనిక వైద్యుడు ఒక రోగి నెత్తుటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ఎర్రకణాల మధ్య సన్నటి జీవులు కొట్టుకుంటూ కనిపించాయి. అంతకుముందే పారిస్‌లో దెమార్కే, బ్రెజిల్‌లో వుకెరర్ ఇలాంటి పిల్లపురుగుల్ని రోగుల ఒంటి ద్రవాల్లో చూశారు. మనిషి నెత్తుట్లోనే అవి తిరుగుతున్నాయని చూసినవాడు లూయిస్. కదిలే ప్రాణిని కదలని గీతల్లో పెట్టి లోకానికి చూపించాలి. ఆ రోజుల్లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికి వైద్యం ఎంత వచ్చో బొమ్మ గీయడమూ అంత రావాలి. నాలుగేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ ఒక రోగి చీముగడ్డలో పెద్దపురుగును పట్టుకున్నాడు. పురుగు పేరులో ఆయన పేరు అలా వచ్చి చేరింది.

ఫొటో కళ అప్పటికే పుట్టింది. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొనే అనే వైద్యుడు, లియాన్ ఫూకో అనే యువకుడితో కలిసి నెత్తుటి కణాలను, పాలలోని బిందువులను మైక్రోస్కోపు గుండా వెండిరేకుల మీద ఫొటో తీసి, 1845లో అట్లాసుగా అచ్చువేయించాడు. తర్వాత లోలకంతో భూమి తిరగడాన్ని కళ్లకు కట్టిన ఫూకో ఈయనే. అయితే వెండిరేకు మీద ఫొటోను నేరుగా అచ్చు వేయడం కుదరదు. దాన్ని చూసి చెక్కడపువాడు మళ్లీ చేత్తోనే చెక్కాల్సి వచ్చింది. 1877లో జర్మనీలో ఒక పల్లెటూరి జిల్లా వైద్యుడు, రాబర్ట్ కాక్, బాక్టీరియాల ఫొటోలు అచ్చువేశాడు. ఆయన వాదన సూటిగా ఉంది. బొమ్మ గీసేవాడు తెలియకుండానే తాను అనుకున్నదాన్ని గీస్తాడు. ఫొటో పలకకు అభిప్రాయాలు ఉండవు. అది నిజమైతే అది చూపిస్తుంది, తప్పైతే ఆ తప్పూ అందరికీ కనిపిస్తుంది.

అదే 1877లో చైనా తీరంలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ వైద్యుడు దోమల్ని కోస్తున్నాడు. ఆయన తోటమాలి పేరు హిన్-లో. అతని ఒంట్లో పిల్లపురుగులున్నాయి. అతణ్ణి రాత్రి దోమల గదిలో పడుకోబెట్టి, కడుపు నిండా తాగిన దోమల్ని పొద్దున్నే పట్టించి, రోజుకొకటిగా చీల్చి చూశాడు. దోమ కడుపులో పురుగు చచ్చిపోలేదు. పొర విడిచింది, పెరిగింది. మనిషికి జబ్బు తెచ్చే పురుగును నెత్తురు తాగే కీటకం పెంచి మోస్తుందని ప్రపంచానికి మొదటిసారి తెలిసింది ఆ గదిలోనే. సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పడానికి ఇంకా 20 ఏళ్లు ఉంది. రాస్‌ను ఆ దారిలో పెట్టిన గురువు కూడా మాన్సనే.

రాత్రి సంగతి తేల్చిందీ మాన్సనే. సహాయకుల్ని వంతులు వేసి పగలూ రాత్రీ రోగుల నెత్తురు చూడమన్నాడు. పగలు చూసినవాడికి పురుగులు లేవు. రాత్రి చూసినవాడికి లెక్కలేనన్ని. చీకటి పడుతుంటే పురుగులు పైరక్తంలోకి వచ్చి, అర్ధరాత్రికి పోటెత్తి, తెల్లవారేసరికి ఊపిరితిత్తుల లోపలి నాళాల్లోకి దిగిపోతున్నాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ ఒక రోగిని పగలు నిద్రపుచ్చి రాత్రి మేలుకొల్పి చూస్తే, కొన్నాళ్లకు పురుగు కూడా తన వేళ మార్చుకుంది. కొల్లేటి చెరువుల మీద రాత్రంతా కాపలా కాసి పగలు నిద్రపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్ల వేలు పొడిచే ముందు నిద్ర ఎప్పుడని అడిగి రాసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

ఇక మన మట్టి సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, డెల్టా అన్నం గిన్నె అయింది. కృష్ణ నీళ్లూ గోదావరి నీళ్లూ ఏలూరు కాలువలో కలిశాయి. నీళ్లు పోయే దారి మాత్రం పల్లపు నేలలో ఎప్పుడూ కష్టమే. ఊళ్లు పెరిగాయి, మురుగు నిలిచింది. బోదకాలు ఈ సీమలో అంత మామూలైపోయి, పెళ్లిచూపుల్లో కాళ్లవైపు చూడటం పెద్దలకు అలవాటైంది. మగవాళ్లలో వరిబీజం మాట బయటికి రానివ్వని బాధ అయింది.

ఆ డెల్టాలోనే, భీమవరంలో, 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. తండ్రి జబ్బు మనిషి, ఇల్లు గడవని ఇల్లు. చదువు రాజమండ్రిలో తప్పి, మద్రాసులో మూడో ప్రయత్నానికి మెట్రిక్యులేషన్ దాటింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే తీరని విరేచనాల జబ్బుతో పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్నందుకు తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ భరోసాతో 1920లలో అమెరికా చేరాడు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు. ఆ తర్వాత హార్వర్డ్‌లో ఆయన చేసిన పనికి పాఠ్యపుస్తకాల్లో చోటు దొరికింది. నెత్తుట్లో భాస్వరం కొలిచే పద్ధతికి ఫిస్క్, సుబ్బారావుల పేరే నిలిచింది. కండరానికి శక్తినిచ్చే ఏటీపీని వెలికితీయడంలో ఆయన చెయ్యి ఉంది. అదంతా వేరే గాథ.

మన గాథలోకి ఆయన మళ్లీ వచ్చేది 1940లలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ పరిశోధనశాల అధిపతిగా. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారిన పడ్డారు. గజ్జలు బిళ్లకట్టి, కాళ్లు వాచి వెనక్కి వచ్చారు. భీమవరం వీధుల్లో తరతరాలుగా ఉన్న జబ్బు అగ్రరాజ్యం సైన్యానికి తగిలేసరికి డబ్బుకూ మనుషులకూ కొదవ లేకపోయింది. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పాలి. అయితే ఆ డబ్బును ఫలితం వచ్చే దారిలో నడిపించడానికి ఆ జబ్బును పుట్టిన ఊళ్లో చూసిన మనిషి అక్కడ ఉండటం మన అదృష్టం.

ఆ ల్యాబ్‌ను ఊహించుకోవాలి. బోనుల్లో కాటన్ ర్యాట్ అనే ఎలుకలు. వాటికి సహజంగానే ఫైలేరియా జాతి పురుగు ఉంటుంది. హెవిట్ అనే పరిశోధకుడి బృందం ఎలుకకు మందిచ్చి, నెత్తుటి చుక్క తీసి, స్లైడు మీద పరచి, పిల్లపురుగుల్ని లెక్కపెడుతుంది. రసాయన శాస్త్రవేత్తలు ఒకదాని తర్వాత ఒకటి కొత్త పదార్థం తయారుచేసి ఇస్తారు. లెక్క తగ్గదు. ఇంకొకటి. తగ్గదు. చివరికి పైపెరజిన్ వలయం ఉన్న ఒక పదార్థం ఇచ్చినప్పుడు మాత్రం స్లైడు ఖాళీగా వచ్చింది. కొద్ది నిమిషాల కిందట ఈదుతున్న పురుగులు ఎక్కడా లేవు. దాని పేరు డైఇథైల్ కార్బమజిన్, చిన్న పేరు డీఈసీ, అమ్మకపు పేరు హెట్రజాన్. ఎలుకల మీదా కుక్కల మీదా వచ్చిన ఫలితాల వ్యాసం 1947లో అచ్చయింది. రచయితల్లో చివరి పేరు సుబ్బారావుది. అదే ఏడాది ప్యూర్టోరికోలో మనుషుల మీద కూడా మందు పనిచేసింది.

ఇక్కడే ఈ మందులోని పెద్ద విడ్డూరం. గాజు పాత్రలో పిల్లపురుగులు వేసి అదే మందు కలిపితే అవి చావవు. హాయిగా ఈదుతూనే ఉంటాయి. మందు పురుగును చంపదు, మరి పురుగులు ఎటు పోయాయి? జవాబు లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ బృందం 1950లో చెప్పింది. మందిచ్చిన ఎలుక కాలేయాన్ని పలుచటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూశారు. పురుగులన్నీ అక్కడ చిక్కుకుని ఉన్నాయి. చుట్టూ ఒంటి రక్షణ కణాలు మూగి వాటిని అరిగిస్తున్నాయి. మందు పురుగుకున్న మరుగును తీసేస్తోంది, మిగతా పని శరీరమే చేసుకుంటోంది. ఈ ఫ్రాంక్ హాకింగ్ కొడుకే భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్. నాకైతే దీన్లో పెద్ద పాఠం కనిపిస్తుంది. గాజు పాత్ర పరీక్షనే నమ్ముకుని ఉంటే ఈ మందును చెత్తబుట్టలో వేసేవాళ్లు. బతికున్న ప్రాణి నెత్తురు తీసి, స్లైడు చూసి, పురుగు లెక్కపెట్టే ఓపిక ఉండబట్టి మందు నిలిచింది.

ఈ మందుతోనే ఇంకో పని కూడా జరుగుతుంది. పగటిపూట ఒక చిన్న మోతాదు ఇస్తే, లోపల దాక్కున్న పురుగులు కాసేపటికి పైరక్తంలోకి వస్తాయి. రాత్రి సర్వేకు వీలులేని చోట్ల ఆ మార్గమూ ఉంది.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయాడు. మళ్లీ సొంత గడ్డ మీద కాలు పెట్టలేదు. కానీ ఆయన మందు వచ్చింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం, పిల్లల రక్తకేన్సర్‌కు తొలి ఆశ చూపిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచే వచ్చాయి. ఆయన పేరు మైక్రోస్కోపు కిందకీ చేరింది. మురుగునీటిని శుభ్రపరిచే వడపోత రాళ్లమీద దొరికిన ఒక కొత్త శిలీంధ్రాన్ని 1953లో వర్ణించిన హెసెల్టైన్ దానికి సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 1995లో మన దేశం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది. భీమవరం, తాడేపల్లిగూడెం పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో అడిగి చూడండి.

మందు దొరికినా పురుగు పోలేదు. కారణం పెద్దపురుగు. మనిషి రసనాళాల్లో కాపురం పెట్టి ఐదేళ్లకు పైగా బతుకుతుంది, రోజూ పిల్లల్ని వదులుతూనే ఉంటుంది. అందుకే 2004 నుంచి దేశంలో జబ్బున్న జిల్లాలన్నిటా ఏటా ఒకసారి, జబ్బు ఉన్నా లేకున్నా అందరికీ డీఈసీ మాత్రలు ఇవ్వడం మొదలైంది. తర్వాత అల్బెండజోల్ కూడా చేరింది. పెద్దపురుగు ముసలిదై చచ్చేదాకా దాని పిల్లలు దోమకు దొరక్కుండా చూడాలన్నది లెక్క. మాన్సన్ తోటమాలిని దోమలకు అప్పగించిన చైనాలో, ఉప్పులో ఈ మందే కలిపి తినిపించి, 2007 నాటికి జబ్బును తుడిచిపెట్టారు. శ్రీలంక 2016లో ఆ పని ముగించింది. మనం 2027 గడువు పెట్టుకున్నాం.

ఈ గాథలో ఫొటో మళ్లీ ముందుకొచ్చేది ఆఫ్రికాలో. కామెరూన్ అడవుల్లో లోవా లోవా అనే దగ్గరి చుట్టం పురుగు ఉంది. అది నెత్తుట్లో విపరీతంగా ఉన్న మనిషికి ఈ జాతి మందులిస్తే మెదడుకు ప్రమాదం. ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో మాత్ర చేతిలో పెట్టే ముందే తేలాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో డేనియల్ ఫ్లెచర్ బృందం ఫోన్‌కు చిన్న మైక్రోస్కోపు బిగించి, రంగూ నీళ్లూ అక్కర్లేకుండా, పచ్చి నెత్తుటినే కొద్ది క్షణాల వీడియో తీయించింది. పురుగు కనిపించనవసరం లేదు. అది కొట్టుకుంటుంటే పక్కనున్న ఎర్రకణాలు కదులుతాయి. ఆ కదలికను ఫోనే లెక్కపెట్టి చెబుతుంది. లూయిస్ కలకత్తాలో కాగితం మీద పెట్టలేకపోయిన కదలికే ఇప్పుడు పరీక్ష అయింది.

మన దగ్గర జబ్బు తగ్గుతోంది. తగ్గేకొద్దీ కొత్త చిక్కు వస్తోంది. పురుగును స్వయంగా చూసిన టెక్నీషియన్లు రిటైరవుతున్నారు. కొత్తగా చేరినవాళ్లు ఏళ్ల తరబడి ఖాళీ స్లైడులే చూస్తారు. ఎప్పుడో ఒకసారి నిజంగా పురుగు వస్తే గుర్తుపట్టగలరా? పరదేశపు పుస్తకంలోని ఫొటో ఒకటుంటుంది. అది వేరే రంగు వేసిన స్లైడు. మన ల్యాబ్‌లో, మన రంగుతో, మన నెత్తుటి పొర మందంతో ఆ పురుగు ఎలా ఉంటుందో చూపే ఫొటోలు కావాలి. పిల్లల వేలి నెత్తుటితో ఏ వేళలోనైనా చేసే స్ట్రిప్ పరీక్ష వచ్చిన మాట నిజమే. అది పురుగు ఆనవాలు ఒంట్లో ఉందని చెబుతుంది. ఈ రాత్రి దోమకు దొరికేలా పిల్లపురుగులు ఉన్నాయా అన్నది స్లైడు మాత్రమే చెబుతుంది.

కాబట్టి ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పే మాస్టార్లకు, ల్యాబ్‌ల పెద్దలకు నా విన్నపం ఒకటి. పాజిటివ్ స్లైడు దొరికితే రోగి పేరు, ఊరు బయటపెట్టకుండా దాని ఫొటోలు తీసి దాచండి. చిన్న లెన్సుతో ఒకటి, తోక కొస కనిపించేలా పెద్ద లెన్సుతో ఒకటి. మిల్లీమీటరును వంద భాగాలు చేసిన కొలత స్లైడు చాలా కాలేజీల్లో ఉంటుంది. అదే లెన్సుతో దాన్నీ ఫొటో తీసి బొమ్మ మూల కొలత గీత వేయండి. గీత లేని ఫొటోలో దూదిపోగూ పురుగే, పురుగూ దూదిపోగే. రంగు పేరు, తేదీ, నెత్తురు తీసిన వేళ కింద రాయండి.

మిగతా అందరికీ ఒక మాట. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి సన్నటి వల కట్టండి. కాలు వాచినవాళ్లు ఇంట్లో ఉంటే రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. అలా చేస్తే జ్వరాలు తగ్గుతాయి, వాపు ముదరదు. ఏటా మాత్రల రోజు వచ్చినప్పుడు గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, పెద్ద జబ్బుతో మంచం పట్టినవాళ్లు మినహా అందరూ, అన్నం తిన్న తర్వాత, ఇచ్చినవాళ్ల ఎదురుగానే మింగండి. భీమవరం మనిషి నడిపిన ల్యాబ్‌లో పుట్టిన మందు అది. దాన్ని అటక మీద పెట్టి పారేయకండి.